మెడైనాలో తేనెటీగల చలికాలం

క్లీవ్‌లండ్ నుంచి 71వ నంబరు హైవే మీద దక్షిణంగా ముప్పై మైళ్ళు పోయి, 18వ నంబరు రోడ్డు మీద పడమటికి తిరిగితే మెడైనా వస్తుంది. అక్షరాలు చూస్తే మదీనా అనాలనిపిస్తుంది కాని, ఇక్కడివాళ్ళ నోట్లో అది మెడైనాయే. కౌంటీకి ముఖ్యపట్టణం. ఊరి నడిబొడ్డున చతురస్రంగా ఒక పార్కు, మధ్యలో మన గుడి మంటపం లాంటి గెజీబో, చుట్టూ పాతకాలపు ఇటుక మేడలు. ఊరి హైస్కూలు ఆటల జట్టు పేరు "పోట్లాడే తేనెటీగలు". ఈ పేరు ఊరికే పెట్టుకున్నది కాదు.

శరదృతువు వస్తే మనవాళ్ళు పులిహోర, పెరుగన్నం కట్టుకొని కుయహోగా లోయకు ఆకులు చూడటానికి పోవడం రివాజు. రంగులు చూస్తాం, ఫొటోలు తీసుకుంటాం, చీకటి పడక ముందే ఇంటికి చేరతాం. ఆకులు రంగు మారే ఆ వారాల్లోనే తేనెటీగల పెట్టెల దగ్గర చావుబతుకుల లెక్కలు జరుగుతుంటాయని మాకు కిందటేడాది దాకా తెలియదు. ఆఫీసులో పరిచయమైన ఒక పెద్దాయన రిటైరయి మెడైనా అవతల అయిదెకరాల పొలంలో ఏడు పెట్టెలు పెంచుతున్నారు. "చలికాలానికి వాటిని సిద్ధం చేయాలి, పిల్లల్ని తీసుకొని రండి" అన్నారు. పిల్లలతో పాటు, ఆర్నెల్ల వీసా మీద వచ్చి ఉన్న వాళ్ళ అమ్మమ్మగారిని కూడా తీసుకుపోయాం. ఆగస్టు చివర మొదలుపెట్టి నవంబరు దాకా నాలుగుసార్లు వెళ్ళాం.

ముందు ఊరి సంగతి. ఏమాస్ ఐవ్స్ రూట్ అనే ఆయన మెడైనాలో నగల వ్యాపారి. 1865లో ఒకనాడు దుకాణం మీదుగా ఈగల గుంపు ఒకటి ఎగిరిపోతుంటే, దాన్ని పట్టి ఇస్తే ఒక డాలరు ఇస్తానన్నాడట. పనివాడు పట్టి తెచ్చాడు. ఆ డాలరుతో నగల వ్యాపారం వెనకబడింది. 1869లో తేనె పెట్టెలు, సరంజామా తయారుచేసే కంపెనీ పెట్టాడు. 1873లో తేనెటీగల పెంపకానికి ఒక పత్రిక మొదలుపెట్టాడు. అమెరికా నలుమూలలకూ పెట్టెలు ఇక్కడినుంచే పోయేవి. ఆ కంపెనీ తరువాత కొవ్వొత్తుల వ్యాపారంలోకి దిగింది. రూట్ కొవ్వొత్తులంటే ఇప్పటికీ పేరు.

ఇంజనీర్లు ఎక్కువగా ఉన్న మన సంఘానికి ఇంకో ముక్క చెప్పాలి. రైట్ సోదరుల విమానం మొట్టమొదటిసారి గాలిలో పూర్తిగా ఒక చుట్టు తిరిగి రావడం 1904 సెప్టెంబరు 20న డేటన్ దగ్గర హఫ్మన్ ప్రెయిరీలో జరిగింది. ఈ రూట్ అక్కడే నిలబడి చూశాడు. చూసింది చూసినట్లు రాసి 1905 జనవరి సంచికలో అచ్చువేశాడు. విమానం ఎగరడాన్ని కళ్ళారా చూసి రాసిన వృత్తాంతం తొలిసారి వెలువడింది పెద్ద పేపర్లలో కాదు, తేనెటీగల పత్రికలో. చిన్న పత్రికలు నడిపేవాళ్ళు ఇది గోడకు రాసి పెట్టుకోవచ్చు.

రూట్ అమ్మిన పెట్టె వెనక ఇంకొకాయన ఉన్నాడు. లొరెంజో లాంగ్‌స్ట్రాత్. 1810లో ఫిలడెల్ఫియాలో పుట్టిన పాదరీ. ఆయన 1851లో గమనించిన సంగతి వినడానికి చాలా చిన్నది. ఈగలు తమ ఇంట్లో అంగుళంలో ఎనిమిదింట మూడు వంతుల సందు ఉంటే దాన్ని దారిగా వాడుకొని ఖాళీగా వదిలేస్తాయి. అంతకంటే బాగా ఇరుకైతే జిగురుతో మూసేస్తాయి. వెడల్పైతే అక్కడ కూడా పెర కడతాయి. ఆ సందు లెక్కన పెట్టెలో చెక్క చట్రాలు వేలాడదీస్తే ఏ చట్రానికి ఆ చట్రం పైకి లాగి, చూసి, మళ్ళీ పెట్టవచ్చు. 1852లో పేటెంటు వచ్చింది. దాని మీద ఆయనకు మిగిలింది తక్కువే. మనోవ్యాధితో ఏళ్ళ తరబడి బాధపడ్డాడు. ఒహాయోలోనే ఆక్స్‌ఫర్డ్ అనే ఊళ్ళో చాలాకాలం ఉన్నాడు. ఆ ఇల్లు ఇప్పటికీ ఉంది. 1895లో డేటన్‌లో ప్రసంగం చేస్తూ ప్రాణం విడిచాడు. రైట్ సోదరుల సమాధులున్న వుడ్‌లాండ్ శ్మశానంలోనే ఆయనదీ ఉంది.

ఈ చట్రం రాకముందు ఐరోపాలోనూ ఇక్కడా శరదృతువు అంటే ఈగలకు యమగండం. గడ్డితో అల్లిన బుట్టల్లో ఈగల్ని ఉంచేవారు. పెర కొయ్యకుండా తేనె తీయడం కుదరదు. అందుకని ఆకులు రాలే వేళకు రైతు బుట్టల్ని ఒక్కొక్కటే ఎత్తి బరువు చూసేవాడు. బాగా బరువున్నవాటిని తేనె కోసం చంపేవాడు. మరీ తేలికైనవి ఎలాగూ చలికి బతకవని వాటినీ చంపేవాడు. గుంట తవ్వి, గంధకం వెలిగించి, ఆ పొగ మీద బుట్ట బోర్లించేవాడు. నడి తరగతివి మాత్రం బతికి మరుసటి వసంతం చూసేవి. చట్రాల పెట్టె వచ్చాక రైతుకి చంపే పని పోయింది. దాని స్థానంలో కాపాడే పని వచ్చింది. మెడైనా దగ్గర మేము చూసింది ఆ పనినే.

అసలు ఈ ఈగ ఇక్కడిది కాదన్న సంగతి కూడా చెప్పుకోవాలి. మనం తేనె తీసుకునే ఈ జాతి ఉత్తర అమెరికాలో లేదు. 1622లో ఇంగ్లండు నుంచి ఓడలో వర్జీనియాకు వచ్చింది. ఇక్కడి ఆదివాసులు దాన్ని "తెల్లవాడి ఈగ" అనేవారని థామస్ జెఫర్సన్ రాశాడు. మన నల్లమల కొండచరియల మీద పట్టుపెట్టే పెద్ద తేనెటీగ పూలు అయిపోతే పట్టు వదిలి మరో చోటికి వలసపోతుంది. ఓడెక్కి వచ్చిన ఈ జాతి మాత్రం కాలానికి వలసపోదు. ఉన్నచోటే ఉండి, దాచుకున్నది తింటూ, మంచు కరిగేదాకా కూర్చుంటుంది. మనం సీసాలో కొనుక్కునే తేనె దాని చలికాలపు గాదె. పువ్వు లేని అయిదు నెలలు ఉన్నాయి కాబట్టే అంత తేనె కూడబెట్టడం దానికి అలవాటయింది.

మేము మొదటిసారి వెళ్ళింది ఆగస్టు ఆఖరి శనివారం. ఎండ చురుక్కుమంటుంటే "ఇప్పుడా చలికాలం పని?" అన్నాం. "ఇప్పుడే సగం అయిపోవాలి" అన్నారు పెద్దాయన. వేసవిలో పుట్టిన కూలి ఈగ ఆరు వారాలు బతకడం గొప్ప. సెప్టెంబరు, అక్టోబరుల్లో పుట్టేవి నాలుగు నుంచి ఆరు నెలలు బతుకుతాయి. ఒళ్ళో కొవ్వు, మాంసకృత్తులు నిలవ చేసుకొని పుడతాయి. చలికాలం దాటించేది అవే. అవి పుట్టబోయే ముందు, వాటిని పెంచే దాదులు ఆరోగ్యంగా ఉండాలి. దానికి అడ్డుపడేది వరోవా అనే ఎర్రటి పురుగు. నల్లి లాంటిది, ఆవగింజ కంటే చిన్నది. ఈగ పిల్ల గదిలో దూరి దాని ఒంటిమీదే పిల్లల్ని పెడుతుంది, జబ్బులు అంటిస్తుంది.

ఈ పురుగు పుట్టినిల్లు ఆసియా. మన పుట్టతేనె పెట్టే ఈగ జాతి మీద యుగాలుగా బతుకుతోంది. ఆ ఈగకు దాన్ని దులిపి కొరికి పారేయడం తెలుసు కనుక రెండింటికీ సర్దుబాటు కుదిరింది. ఐరోపా ఈగకు ఆ విద్య రాదు. 1987లో ఈ పురుగు అమెరికాలో కనిపించింది. అప్పటినుంచి ఇక్కడ ఈగల పెంపకమంటే సగం ఈ పురుగుతో కుస్తీయే.

పెద్దాయన ఒక చట్రం ఎత్తి, రాణి ఈగ దాని మీద లేదని రెండుసార్లు చూసుకొని, అరకప్పు ఈగల్ని సీసాలోకి దులిపారు. అరకప్పంటే సుమారు మూడువందలు. స్పిరిటు పోసి కుదిపితే పురుగులు విడిపోయి అడుగుకు చేరతాయి. ఈగలూ చనిపోతాయి. మా చిన్నది కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆయన దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చొని, "మూడువందల్ని అడగకపోతే ముప్పైవేల సంగతి నాకు చెప్పేవాళ్ళెవరమ్మా?" అన్నారు. వందకు మూడు పురుగులు, అంటే సీసాకు తొమ్మిది దాటితే మందు వేయక తప్పదట. అయిదు పెట్టెల్లో మూడు, నాలుగు వచ్చాయి. నాలుగో పెట్టెలో రెండే. ఆరో పెట్టెలో పధ్నాలుగు. వేడి 85 డిగ్రీలు దాటని రోజులు చూసి అన్నిటికీ ఫార్మిక్ ఆసిడ్ పట్టీలు పెడతానన్నారు. సెప్టెంబరులో మళ్ళీ లెక్కిస్తే ఆరో పెట్టెలో నాలుగుకు దిగింది. మేము సంతోషించాం. ఆయన మాత్రం, "పురుగులు పోయాయి. అవి ఈసరికే పాడుచేసిన ఈగలెన్నో నాకెలా తెలుస్తుంది?" అన్నారు.

సెప్టెంబరు ఆఖరున వెళ్ళేసరికి పొలం గట్లన్నీ పసుపు. గోల్డెన్‌రాడ్ పూలు. వాటి సందుల్లో ఊదారంగు ఆస్టర్లు. ఒహాయోలో ఈగలకు సంవత్సరంలో ఆఖరి పంట ఇదే. పెట్టెల దగ్గరికి వెళ్ళగానే పిల్లలు ముక్కు మూసుకున్నారు. గోల్డెన్‌రాడ్ మకరందం పండేటప్పుడు ఉతకని సాక్సుల వాసన వేస్తుంది. తేనెగా మారాక ఆ వాసన పోతుంది. ఈ తేనె తొందరగా గడ్డకడుతుంది. గడ్డకట్టిన తేనె కల్తీదని మనలో చాలామంది పారేస్తుంటారు. అలా కాదు, మంచి తేనెలు చాలామటుకు గడ్డకడతాయి. సీసాను గోరువెచ్చని నీళ్ళలో ఉంచితే కరుగుతుంది. ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేస్తాం. పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాయడం మన ఇళ్ళలో ఆచారం. ఏడాది నిండని బిడ్డకు తేనె తగలకూడదని డాక్టర్లు గట్టిగా చెబుతారు. అందులో ఉండగల బాటులిజం బీజాలు పెద్దవాళ్ళకు ఏమీ చేయవు కాని పసిగుడ్డుకు ప్రాణం మీదికి తెస్తాయి. కొత్తగా మనవలు పుట్టిన ఇళ్ళవాళ్ళు ఇది మరవకండి.

ఆ రోజు పని తూకం. ఉత్తర ఒహాయోలో ఒక గుంపు చలికాలం దాటాలంటే అరవై డెబ్బై పౌన్ల తేనె కావాలి. పెద్ద చట్రం నిండుగా ఉంటే ఆరు పౌన్లు. పెట్టెలు, మైనం, ఈగలు, పుప్పొడి అన్నీ కలిపి రెండంతస్తుల పెట్టె నూట ముప్పై పౌన్లకు తగ్గకూడదని ఆయన లెక్క. తూచే సాధనం చూసి మేము నవ్వాం. మన ఇళ్ళలో విమానం సూట్‌కేసులు తూచే కొక్కెం తక్కెడే. పెట్టెకు ఒక పక్క కొక్కెం తగిలించి అంగుళం లేపి చూస్తారు, మళ్ళీ రెండో పక్క చూస్తారు, రెండూ కలుపుతారు. అమ్మమ్మగారు, "నా పెట్టె యాభై దాటకూడదంటారు, వీటి పెట్టె నూట ముప్పై తగ్గకూడదంటారు. అదృష్టవంతులు" అన్నారు.

అయిదో పెట్టె నూట పది తూగింది. ఇరవై తక్కువ. దానికి పంచదార పాకం పెట్టాలి. వసంతంలో అయితే పంచదార, నీళ్ళు సమంగా కలుపుతారు. శరదృతువులో రెండు పాళ్ళు పంచదారకు ఒక పాలు నీళ్ళు, తూకం మీద. అలా చేసిన గాలన్ పాకం పోస్తే పెట్టెలో ఏడు పౌన్ల నిలవ చేరుతుందని అంచనా. కనుక మూడు గాలన్లు. పాకమనేసరికి అమ్మమ్మగారు ముందుకు వచ్చారు. అరిసెల పాకం పట్టడంలో ఆవిడది అందెవేసిన చెయ్యి. కాని ఇక్కడ తీగపాకం, ముదురుపాకం పనికిరావు. వేడి నీళ్ళలో పంచదార కరిగితే చాలు. మరిగించి ఎర్రబడనిస్తే ఈగలకు విషమవుతుంది. "పంచదార ఎందుకు, బెల్లం పెట్టండి, బలం" అని ఆవిడ అంటే మేము తర్జుమా చేశాం. పెద్దాయన తల అడ్డంగా ఊపారు. తేనెటీగ తన ఇంట్లో మలవిసర్జన చేయదు. వారాల తరబడి చలి ఉంటే వారాల తరబడి బిగపట్టుకుంటుంది. ఎప్పుడైనా యాభై డిగ్రీల ఎండ వస్తే బయటికి ఎగిరి పని చూసుకొని వస్తుంది. బెల్లంలో ఉన్న మడ్డి దాని పొట్టలో నిలిచి రోగమవుతుంది. తెల్ల పంచదారలో మిగిలేది ఏమీ ఉండదు. "మడీ ఆచారమూ ఉన్న జీవి" అని అమ్మమ్మగారు ఒప్పుకున్నారు.

గుమ్మాల దగ్గర ఆ రోజు ఇంకో తమాషా. కూలి ఈగలు బొద్దుగా ఉన్న పోతుటీగల్ని రెక్క పట్టుకొని బయటికి ఈడుస్తున్నాయి. పోతుటీగ తేనె తేదు, మైనం చేయదు, కుట్టడానికి ముల్లు లేదు. వేసవి అంతా కూర్చోబెట్టి మేపుతారు. చలి వస్తుందంటే గెంటేస్తారు. "ఇల్లరికపుటల్లుడికి ఇదే మర్యాద" అన్నారు అమ్మమ్మగారు. మాలో ఒకరు కాసేపు మాట్లాడలేదు.

నాలుగో పెట్టె తేలిక. ఎనభై అయిదు. మూత తీస్తే మూడు చట్రాల మీద మాత్రమే ఈగలున్నాయి. పురుగు లేదు, రోగం లేదు. రాణి ముసలిదైపోయింది. గుడ్లు చెదురుమదురుగా పెట్టింది. పాకం పోసినా దాచుకోవడానికి చేతులు లేవు. పెద్దాయన చాలాసేపు మూత పట్టుకొని నిలబడ్డారు. తరువాత, "నష్టం పడదలుచుకుంటే శరదృతువులోనే పడాలని మా పాతవాళ్ళు చెప్పేవారు" అన్నారు. బలహీనమైన గుంపును అలాగే వదిలితే జనవరిలో చస్తుంది. బలంగా ఉన్న రెండో పెట్టెలో కలిపేస్తే ఈగలన్నా దక్కుతాయి. కాని ఒక ఇంట్లో ఇద్దరు రాణులు ఉండరు.

పెద్దవాడికి పన్నెండేళ్ళు. "ఆవిడ చేసిన తప్పేమిటి?" అని అడిగాడు. పెద్దాయన తేలిగ్గా తీసిపారేయలేదు. "తప్పేమీ లేదు. మూడేళ్ళు ఈ ఇల్లు నిలబెట్టింది. ఇప్పుడు ఆవిణ్ణి ఉంచితే ఆవిడా బతకదు, ఆ మూడు చట్రాల మీదివీ బతకవు" అన్నారు. రెండు వారాల గడువు పెట్టారు. ఈలోగా గుడ్లు పుంజుకుంటే ఉంచుదాం, లేకపోతే కలుపుదాం అన్నారు. వాడు కారులో ఇంటికి వచ్చేదాకా గడ్డకట్టినట్టు కూర్చున్నాడు.

అక్టోబరు రెండో వారంలో వెళ్ళాం. గుడ్లు పుంజుకోలేదు. పిల్లల్ని ఆపిల్ చెట్ల కేసి పొమ్మన్నారు. పెద్దవాడు పోలేదు. పెద్దాయన రాణిని వేళ్ళతో తీసి, మాకు కనపడకుండా వెనక్కి తిరిగి, పని ముగించారు. తరువాత రెండో పెట్టె మూత తీసి దాని మీద ఒక న్యూస్‌పేపరు పరిచి, పిన్నుతో నాలుగు చీలికలు పెట్టి, ఆ పైన నాలుగో పెట్టె ఉంచారు. వెంటనే కలిపితే వాసన తేడా చూసి యుద్ధం చేసుకుంటాయి. మధ్యన కాగితం ఉంటే రెండు పక్కలనుంచీ కొరుక్కుంటూ వస్తాయి. కాగితం పోయేసరికి వాసన ఒకటైపోతుంది. ఎవరు ఎవరి వాళ్ళో మరచిపోతారు. కారులో మన సంఘం పత్రిక పాత సంచిక ఉంటే అది ఇవ్వబోయాం. ఆయన తడిమి చూసి, "ఈ సైక్లోస్టైలు కాగితం మందం. వీటికి వారం పడుతుంది" అన్నారు. మన పత్రికను కొరికి చూడటం అంత తేలిక కాదని సంపాదకులకు మనవి.

ఆ రోజే గుమ్మాలకు అర అంగుళం కన్నాల ఇనప జల్లెడ బిగించారు. ఈగ దూరుతుంది, ఎలుక దూరదు. చలి మొదలైతే పొలం ఎలుకకు తేనెపెట్టె కంటే వెచ్చని ఇల్లు దొరకదు. లోపల గూడు కట్టి పెర నాశనం చేస్తుంది.

పని జరుగుతుంటే అమ్మమ్మగారు నల్లమల సంగతి చెప్పారు. ఆవిడది మార్కాపురం పక్క పల్లె. చిన్నప్పుడు చెంచులు తేనె తెచ్చి అమ్మేవారు. కొండచరియ మీద పట్టు కోయడానికి మనిషి తాడు పట్టుకొని దిగుతాడు. పైన తాడు పట్టేవాడు బావమరిదే అయ్యుండాలట. తోడబుట్టినదాని పసుపుకుంకుమలు పోగొట్టుకోడు కనుక తాడు వదలడు. పెద్దాయనకు ఇది చెబితే గట్టిగా నవ్వి, తన బావమరిది అయితే తాను దిగనన్నారు. తరువాత, తేనె ఎక్కడైనా ఒకరి చేతిలో ప్రాణం పెట్టి తీసుకోవాల్సిందే అన్నారు. అక్టోబరు ఆఖరున అమ్మమ్మగారు ఇండియా వెళ్ళిపోయారు. చలికి ముందే వెళ్ళిపోవడం మన పెద్దలందరూ చేసేదే.

నవంబరు మొదటి వారం ఆఖరి పని. వాయవ్యం నుంచి వచ్చే గాలికి అడ్డంగా గడ్డిమోపులు పేర్చాం. పెట్టెల చుట్టూ నల్ల తారు కాగితం చుట్టాం. ఎండ వస్తే అది వేడిని పీల్చుకుంటుంది. పెట్టె ముందుకు కొంచెం వాలేలా వెనక చెక్క పెట్టాం. "ఇంతేనా? లోపల హీటరు వద్దా?" అని అడిగాం. చలి ఈగల్ని చంపదట, తడి చంపుతుందట. బయట 57 డిగ్రీలకు పడిపోగానే ఈగలు బంతిలా ముడుచుకుంటాయి. రెక్కలు కదల్చకుండా రెక్కల కండరాల్ని మాత్రం వణికిస్తూ వేడి పుట్టిస్తాయి. బయట మంచు కురుస్తున్నా, పిల్లలున్నప్పుడు బంతి నడిమిలో 93 డిగ్రీలు ఉంటుంది. అంచున ఉన్నవి లోపలికి, లోపలివి అంచుకు మారుతుంటాయి. బంతి తేనె తింటూ మెల్లగా పైకి జరుగుతుంది. ఆ తేనె అరగడంలో ఆవిరి పుడుతుంది. చల్లని మూతకు తగిలి నీరై వెనక్కి వాటి నెత్తినే పడుతుంది. పొద్దున్నే కారు అద్దాలకు పట్టే చెమ్మ చూశాం కదా, అదే. తడిసిన ఈగ మళ్ళీ వెచ్చబడలేదు. అందుకని మూత కింద గుడ్డ అడుగున్న పెట్టెలో చెక్కపొట్టు పోసి, పై గాలికి చిన్న కన్నం పెట్టారు. పొట్టు చెమ్మను పీలుస్తుంది. ఆ తరువాత డిసెంబరు దాటి మూత తీయకూడదు. చెవి ఆనించి వినడమే.

ప్రతి ఆదివారం ఇండియా ఫోను. మనవల చదువు, మా ఆరోగ్యం అయ్యాక అమ్మమ్మగారి ప్రశ్న ఒక్కటే: "ఆ ఈగలు ఉన్నాయా?" జనవరిలో వారం రోజులు సున్నా కిందికి పోయినప్పుడు జవాబు చెప్పలేకపోయాం.

ఫిబ్రవరి నెలాఖరున ఒక మధ్యాహ్నం యాభై రెండు డిగ్రీలు వచ్చింది. పెద్దాయన ఫోను చేశారు. వెళ్ళేసరికి మంచు మీద పసుపుచుక్కలు. ఈగలు నెలల తరువాత బయటికి వచ్చిన గుర్తులు. ఆరు పెట్టెల్లో అయిదింటి ముందు రెక్కల చప్పుడుంది. రెండోది, అంటే రెండూ నాలుగూ కలిసినది, అన్నిటికంటే హుషారుగా ఉంది. పెద్దవాడు దాని ముందు చాలాసేపు కూర్చున్నాడు.

ఆరో పెట్టె చప్పుడు చేయలేదు. మూత తీస్తే పిడికెడు ఈగలు పెర గదుల్లో తల దూర్చి చనిపోయి ఉన్నాయి. రెండంగుళాల దూరంలో మూత వేసిన తేనె ఉంది. తూకం సరిపోయింది, పాకం సరిపోయింది, తడి లేదు. బంతి మరీ చిన్నదైపోయి, ఆ చలివారంలో రెండంగుళాలు జరగలేకపోయింది. ఆగస్టులో సీసాలో తేలిన పధ్నాలుగు పురుగుల వడ్డీ ఇదని పెద్దాయన అన్నారు. మందు వేసేసరికే చలికాలపు ఈగల్ని పెంచవలసిన దాదులు దెబ్బతిన్నాయి. ఈ ఏడాది లెక్కింపు జూలైలోనే మొదలుపెడతానని నోటుపుస్తకంలో రాసుకున్నారు.

ఇది చదివి ఎవరికైనా ఉత్సాహం కలిగితే నాలుగు మాటలు. శరదృతువులో పెట్టెలు కొనకండి. జనవరి, ఫిబ్రవరుల్లో చాలా కౌంటీల్లో తేనెటీగల సంఘాలవాళ్ళు క్లాసులు నడుపుతారు, అవి వినండి. ఏప్రిల్‌లో ఈగలు వస్తాయి. ఒహాయోలో పెట్టెలు పెట్టిన చోటును ఏటా రాష్ట్ర వ్యవసాయ శాఖ దగ్గర నమోదు చేయించాలి. పక్కింటివాళ్ళతో ముందే మాట్లాడండి. పెంచే ఉద్దేశం లేకపోయినా సెప్టెంబరు ఆఖరున, గోల్డెన్‌రాడ్ ఉండగా, ఒకసారి మెడైనా పోయి రండి. పెద్దవాళ్ళు ఇండియా వెళ్ళకముందే తీసుకుపోండి. వాళ్ళకు తెలిసిన తేనె సంగతులు మనం ఇంతవరకూ అడగనివి చాలా ఉంటాయి.

ఆ ఆదివారం ఫోనులో సంగతంతా చెప్పాం. అమ్మమ్మగారు కాసేపు ఊరుకొని, "ఆ ఆరోదానిలో తేనె ఏం చేస్తారు?" అన్నారు. రోగంతో పోయింది కాదు కనుక ఆ చట్రాలు పనికొస్తాయని చెప్పాం. ఏప్రిల్‌లో వచ్చిన కొత్త గుంపుకు పెద్దాయన వాటినే మొదటి తిండిగా పెట్టారు.